హోల్డ్‌లో ఊపిరి

కస్టమర్ కేర్ ఉద్యోగం చేసే అమ్మాయి చేతిలో సిగరెట్ కనబడితే ప్రతివాళ్లకీ ఒక అభిప్రాయం ఉంటుంది. అంతకుముందు గంటన్నరసేపు ఆమె చెవిలో ఏం పడిందో అడిగేవాళ్లు తక్కువ.

ఫోన్లో అవతలి మనిషి తిడుతుంటే ఇవతల నవ్వాలి. ఆ నవ్వు మొహంలో ఉంటే చాలదు, గొంతులో వినబడాలి. కాల్ సెంటర్ ట్రైనింగులో మొదట్లోనే చెప్పే పాఠం ఇది. కొన్నిచోట్ల డెస్కు మీద చిన్న అద్దం కూడా ఇస్తారు. మాట్లాడుతున్నంతసేపూ తన మొహం తనకే కనబడుతుంటే నవ్వు జారిపోదని లెక్క. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఆ అద్దం చేసేది కాపలా పని.

ఒక మామూలు కాల్ తీసుకుందాం. ఎవరికో క్రెడిట్ కార్డు మీద లేటు ఫీజు పడింది. గడువులోగా కట్టనిది ఆయనే, అయినా కోపం బ్యాంకు మీద. బ్యాంకు చేతికి దొరకదు కాబట్టి ఆ కోపమంతా హెడ్‌సెట్‌లో దొరికిన అమ్మాయి మీద. ఇక్కడ ఫోన్ మోగదు. బీప్ మని చిన్న శబ్దం, ఆ వెంటనే తిట్టు. ఎత్తాలా వద్దా అని ఆలోచించుకునే వీలు లేదు. "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అనాలి. అనకపోతే కాల్స్ విని మార్కులేసే క్వాలిటీవాళ్ల పట్టీలో 'ఎంపతీ' గడి ఖాళీ. పేరు పెట్టి పిలవాలి, అలాగని మాటమాటకీ పిలవకూడదు. కాస్త ఎక్కువసేపు మాట లేకపోతే అది 'డెడ్ ఎయిర్', దానికీ మార్కులు పోతాయి. ఫీజు మాఫీ చేసే అధికారం ఆమెకు లేదు. "మాఫీ కాదండీ" అని సూటిగా చెప్పి ఫోన్ పెట్టేసే అధికారం అసలే లేదు. స్క్రీన్ మీద టైమర్ నడుస్తూనే ఉంటుంది. ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కి సగటున పట్టే సమయం, లెక్క దాటితే టీమ్ లీడర్ (టీఎల్) వెనకొచ్చి నిలబడతాడు. ఎలాగో గొడవ తేలుతుంది. "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అని అడుగుతుంది. నోట్స్ టైపు చేయడానికి కాసిని సెకన్లు. మళ్లీ బీప్.

మ్యూట్ బటన్ సంగతి ఈ పని చేసినవాళ్లంతా నవ్వుతూ చెబుతారు. దాన్ని నొక్కి కడుపులో ఉన్నదంతా కక్కేసి, మళ్లీ తీసి "లైన్లో ఉన్నందుకు ధన్యవాదాలు" అనడం ఒక కళ. మ్యూట్ పడిందో లేదో చూసుకోకుండా కక్కేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల కథ మాత్రం ప్రతి ఫ్లోర్‌లోనూ ఒకటి తిరుగుతూ ఉంటుంది.

ఇలా నవ్వడాన్ని కూడా ఒక శ్రమగా లెక్కగట్టి, దానికి 'భావోద్వేగ శ్రమ' అని పేరు పెట్టింది ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త. 1983లో వచ్చిన 'ద మేనేజ్డ్ హార్ట్'లో ఆమె విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌లనీ, బాకీలు వసూలు చేసేవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకరు ఎంత చిరాకున్నా నవ్వాలి, ఇంకొకరు ఎంత జాలేసినా కసురుకోవాలి. ఇద్దరూ జీతానికి అమ్ముతున్నది తమది కాని మనసునే. అంతకు నాలుగేళ్ల ముందు, 1979లో, రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు ఇంకో మాట చెప్పాడు: పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కుంగిపోడు. పని ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు లేనప్పుడు కుంగిపోతాడు. ఆపరేషన్ చేసే డాక్టరుకీ ఒత్తిడి ఉంటుంది, కానీ కత్తి ఎక్కడ పెట్టాలన్నది ఆయన చేతిలో పని. కాల్ తీసుకునే అమ్మాయి చేతిలో మ్యూట్ ఒక్కటే ఉంది.

గాలికంటే పంపరు

తొమ్మిది గంటల షిఫ్టులో మామూలుగా తిండికి అరగంట, టీకి రెండు పావుగంటలు. బాత్రూముకి వెళ్లాలన్నా సిస్టంలో ఒక కోడ్ నొక్కి లేవాలి. దాని పేరు 'బయో బ్రేక్'. ఎంతసేపు పోయిందో నెలాఖరు రిపోర్టులో కనబడుతుంది. ట్రైనింగుకో కోడ్, మీటింగుకో కోడ్, సిస్టం చెడిపోతే దానికో కోడ్. "ఆ మనిషి అన్న మాటకి ఒళ్లు వణుకుతోంది, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను" అనడానికి మాత్రం కోడ్ లేదు.

రెండు వేల తర్వాతి తొలి ఏళ్లలో కొంతకాలం నేనూ హెడ్‌సెట్ పెట్టుకున్నదాన్నే. సిగరెట్ అలవాటు కాలేదు, సిగరెట్ తాగేవాళ్ల వెంట కిందికి దిగడం అలవాటైంది. టీములో నాకన్నా చిన్నది, కరీంనగర్ అమ్మాయి, ఒకరోజు లిఫ్టులో అడిగింది.

"అక్కా, నువ్వు తాగవు గదా, రోజూ ఎందుకు దిగుతవ్?"

"గాలికి."

"గాలికంటే టీఎల్ పంపడక్కా. దమ్ముకంటే పంపుతడు. చేతిలో ఒకటి పట్టుకో, అంటియ్యకు."

పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మా టీఎల్ కూడా తాగేవాడే, కాబట్టి ఆ అవసరం ఆయనకి అర్థమయ్యేది. తలనొప్పి, ఏడుపు, నెలసరి నొప్పి ఆయనకి అంతగా అర్థమయ్యేవి కావు. పైగా ఆఫీసులో అసలు కబుర్లన్నీ కింద ఆ పాన్ డబ్బా దగ్గరే తెలిసేవి. ఏ ప్రాసెస్ మూతపడుతోంది, ఎవరి రోస్టర్ మారుతోంది, పైపోస్టు ఎవరికి రాబోతోంది, అన్నీ. తాగని ఆడపిల్లకి విరామమూ పోయేది, వార్తా పోయేది. అలవాటు ఎలా మొదలైందని అడిగితే చాలామంది స్నేహితుల పేరు చెబుతారు, ఒత్తిడి పేరు చెబుతారు. నన్నడిగితే పొగకన్నా ముందు అలవాటయ్యేది కిందికి దిగడం.

ఆ తర్వాత ఇందులో చట్టానికీ ఒక పాత్ర వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం, ఆఫీసులూ అందులో భాగమే. చాలా మంచి చట్టం. పక్కవాడి పొగ పీల్చే ఖర్మ లక్షలమందికి తప్పింది. అయితే ఏడో అంతస్తులో ఏసీ చలిలో కూర్చున్న మనిషికి కింద గేటు బయట గాలి పీల్చుకోవడానికి దొరికే అనుమతి పత్రం సిగరెట్టే అయింది. దానికి తప్పు పట్టాల్సింది చట్టాన్ని కాదు. మామూలు గాలికి అనుమతి ఇవ్వని రోస్టర్‌ని.

ముడేసిన జుట్టు

2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగే మగవాళ్లు నూటికి 19 మంది, ఆడవాళ్లు ఇద్దరు. నమిలే పొగాకు, జర్దా, ఖైనీ లాంటివాటి దగ్గరికొస్తే ఆడవాళ్లు నూటికి దాదాపు 13 మంది. ఈ 'ఇద్దరు' అనే లెక్కని మాత్రం కాస్త అనుమానంగానే చూడాలి. సర్వేకి వచ్చినవాళ్లు ఇంటి గుమ్మంలో నిలబడి అడుగుతారు. లోపల అత్తగారో అమ్మో ఉంటుంది. దక్షిణ కొరియాలో జాతీయ ఆరోగ్య సర్వే సమాచారాన్ని పరిశోధకులు ఇదే అనుమానంతో పరీక్షించారు. "తాగను" అన్నవాళ్ల మూత్రంలో నికోటిన్ తాలూకు కోటినిన్ ఉందేమో చూశారు. మగవాళ్లలో చెప్పిన లెక్కకీ తేలిన లెక్కకీ పెద్ద తేడా లేదు. ఆడవాళ్లలో రెట్టింపు కంటే ఎక్కువ తేలింది.

దాచడం ఎంత పనో చూడాలంటే అర్ధరాత్రి దాటాక మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు. వెలిగించేముందు జుట్టు పైకి ముడేస్తారు, పొగ వాసన అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టుకునేది జుట్టునే. చున్నీ తీసి బ్యాగులో పెడతారు. కొందరు సిగరెట్టుకి టిష్యూ కాగితం చుట్టి పట్టుకుంటారు, వేళ్లకి వాసన అంటకుండా. అయిపోయాక శానిటైజర్, పుదీనా బిళ్ల, రెండు చుక్కల అత్తరు. హాస్టల్ వార్డెన్ ఉంది, ఇంటి ఓనరు ఉన్నాడు, క్యాబ్ డ్రైవర్ అద్దంలోంచి చూస్తాడు. పక్కనే అదే టీములో మగపిల్లలు తాపీగా తాగి, పీకని చెప్పు కింద నలిపి పోతారు. ఒత్తిడి తగ్గించుకోవడానికని మొదలుపెట్టిన పనికి ఇంత కొత్త ఒత్తిడి జతపడుతుందన్నమాట.

ఈ దాపరికం ప్రాణం మీదికి తెచ్చే చోటు డాక్టరు గది. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆడవాళ్లు పొగ తాగితే, అందులోనూ 35 ఏళ్లు దాటితే, రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, పక్షవాతం ముప్పు బాగా పెరుగుతుంది. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాళ్లకి రాయకూడదన్నది వైద్యంలో స్థిరపడ్డ నియమం. కానీ భర్తో తల్లో పక్కన కూర్చుని ఉండగా డాక్టరు అడగదు, ఈమె చెప్పదు. నెలసరి కూడా పొగ తాగేవాళ్లకి ఒకటి రెండేళ్లు ముందే ఆగిపోతుంది. వీటన్నిటికీ తోడు రాత్రి షిఫ్టు. రాత్రిళ్లు మేల్కొని చేసే పని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే వర్గీకరించింది, 2019లో మళ్లీ అదే మాట చెప్పింది.

"సంస్కృతి పాడైపోయింది" అనేవాళ్లకి ఒకసారి శ్రీకాకుళం దాకా వెళ్లి రమ్మని చెప్పాలి. 'కన్యాశుల్కం'లో గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న విద్య చుట్ట కాల్చడం ఒక్కటేనని మనం తరతరాలుగా నవ్వుకుంటున్నాం. ఆ ఉత్తరాంధ్ర పల్లెల్లోనే ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. సముద్రపు గాలికి ఆరిపోదని, బూడిద రాలదని, చేతులు పనికి ఖాళీగా ఉంటాయని చెప్పేవారు. డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, మన పరిశోధకులు కలిసి 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు పరీక్షించి 1971లో ఒక వైద్య పత్రికలో వివరాలు ప్రచురించారు. అంగిలి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న బంధం ప్రపంచానికి తెలిసింది ఇలాంటి పరిశోధనల వల్లే. మత్స్యకార అవ్వ నోట్లో చుట్ట చూసి సంస్కృతి గురించి ఎవరూ బెంగపడలేదు. జీన్స్ వేసుకున్న పిల్ల చేతిలో సిగరెట్ చూశాకే బెంగ మొదలైంది. అవ్వకి అంగిలి పుండు పడితే పట్టించుకోని సమాజం ఈ పిల్ల ఆరోగ్యం గురించే మాట్లాడుతున్నదంటే నమ్మబుద్ధి కాదు.

అలాగని సిగరెట్టుని స్వేచ్ఛకి గుర్తుగా మోసేవాళ్ల మాటా వినక్కర్లేదు. ఆ గుర్తుని తయారుచేసింది కంపెనీలు. 1929లో ఈస్టర్ పండుగనాడు న్యూయార్క్ వీధిలో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు, వాటిని 'స్వేచ్ఛా కాగడాలు' అన్నారు. ఆ ఊరేగింపు వెనక ఉన్నది అమెరికన్ టొబాకో కంపెనీ నియమించుకున్న ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బర్నేస్. 1968లో వర్జీనియా స్లిమ్స్ వచ్చింది, ఆడవాళ్ల కోసమేనని చెప్పి, స్త్రీ ఉద్యమం మాటలనే అరువు తెచ్చుకుని. సన్నటి సిగరెట్, అందమైన పెట్టె. ఊపిరితిత్తులకి మాత్రం సన్నం, లావు తేడా లేదు.

సోల్‌లో ఒక పాత ఫ్యాక్టరీ పేట

మన మాదాపూర్‌కి కొరియా రాజధాని సోల్‌లో ఒక అక్క ఉంది. పేరు గురో. 1960ల్లో అక్కడ పారిశ్రామిక వాడ పెట్టారు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు సవరాలు అల్లారు, బట్టలు కుట్టారు, ఎలక్ట్రానిక్ భాగాలు అతికారు. దేశం ఎగుమతులతో ఎదిగింది వాళ్ల వేళ్ల మీదే. 1985లో ఆ వాడలోని ఫ్యాక్టరీల కార్మికులు ఒకరికి మద్దతుగా ఒకరు సమ్మెకి దిగారు. కొరియా కార్మిక చరిత్రలో అదొక మైలురాయి. తర్వాత ఫ్యాక్టరీలు పోయాయి, అద్దాల మేడలు లేచాయి, మెట్రో స్టేషన్ పేరులో కూడా 'పారిశ్రామిక వాడ' బదులు 'డిజిటల్' చేరింది. ఆ మేడల్లో నిండింది కాల్ సెంటర్లు. అక్కడ హెడ్‌సెట్లు పెట్టుకున్నదీ ఎక్కువగా ఆడవాళ్లే.

2020 మార్చిలో ఆ గురోలోని ఒక భవనం వార్తల్లోకెక్కింది. పదకొండో అంతస్తులోని కాల్ సెంటర్‌లో పనిచేసే 216 మందిలో 94 మందికి కరోనా తేలింది. అంత దగ్గరగా కూర్చోబెట్టి, అంతసేపు మాట్లాడించే పని ఇంకేముంటుంది? అంతదాకా దేశం ఆ గొంతులనే వింది, వాళ్ల కుర్చీల మధ్య దూరం అప్పుడే చూసింది.

వైద్యం చదివి మానవశాస్త్రంలోకి వచ్చిన కిమ్ క్వాన్‌ఊక్ ఈ ఆడవాళ్ల మధ్య ఏళ్లతరబడి పరిశోధన చేసి 2022లో పుస్తకం రాశారు. దాని పేరుకి అర్థం 'మనుషులమండీ, కస్టమర్ గారూ' అని. ఆయన్ని అటు లాగిన ప్రశ్నల్లో సిగరెట్ ఒకటి. సర్వేల్లో పొగ తాగుతామని చెప్పే ఆడవాళ్లు నూటికి ఆరేడుగురికి మించని దేశంలో, ఆడదాని చేతిలో సిగరెట్టుని వీధిలో తప్పుగా చూసే దేశంలో, కాల్ సెంటర్ మేడల పక్కన ఇంతమంది ఆడవాళ్లు గుంపులుగా నిలబడి ఎందుకు తాగుతున్నారు? అదే సంవత్సరం వచ్చిన 'నెక్స్ట్ సోహీ' సినిమా ఇంకో వైపు నుంచి అలాంటి మేడలోకే తీసుకెళ్తుంది. కనెక్షన్ రద్దు చేసుకుంటామని ఫోన్ చేసినవాళ్లని ఎలాగైనా ఆపాల్సిన విభాగంలో స్కూలు పంపిన ఒక ట్రైనీ పిల్ల ఏమైందన్నది కథ. 2017లో నిజంగా జరిగిన ఘటన ఆధారం. చూడ్డం కష్టమే గానీ ఒకసారి చూడాల్సిన సినిమా.

ఆ 2017 ఘటన తర్వాత కొరియా చేసిన పని ముఖ్యమైంది. 2018 అక్టోబరులో పని భద్రతా చట్టానికి సవరణ అమల్లోకి తెచ్చింది. కస్టమర్ తిట్టినా, వేధించినా ఉద్యోగిని కాసేపు పనినుంచి తప్పించడం, విశ్రాంతి ఇవ్వడం, అవసరమైతే వైద్య సలహా ఇప్పించడం యజమాని బాధ్యత. జపాన్‌లో టోక్యో నగర ప్రభుత్వం కస్టమర్ల వేధింపుకి వ్యతిరేకంగా తెచ్చిన నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. అతిథిని దేవుడనే మాట వాళ్లకీ ఉంది, మనకీ ఉంది. వాళ్లు దేవుడికీ ఒక హద్దు గీశారు.

మనకి ఇలాంటి చట్టం ప్రత్యేకంగా లేదు. ఉన్నదాన్ని వాడుకోవడమూ తక్కువే. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం పనిలో తారసపడే బయటివాళ్ల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించాల్సింది యజమానే. ఫోన్లో తారసపడేవాడూ అందులోకి వస్తాడని గట్టిగా వాదించవచ్చు. అసభ్యంగా మాట్లాడితే ఒకసారి హెచ్చరించి కాల్ కట్ చేసే హక్కు కాగితం మీద చాలా కంపెనీల్లో ఉంది. కట్ చేసిన కాల్‌కి ఆమె స్కోరులో కోత పడకుండా ఉంటేనే అది హక్కు. ఇంకా కావాల్సింది తిట్ల కాల్ తర్వాత ఐదు నిమిషాల విరామం, దానికో కోడ్. కంపెనీకి దీనివల్ల పోయేది ఐదు నిమిషాలు. ఇవ్వకపోతే పోయేది మనిషి, ఆమె స్థానంలోకి తెచ్చుకునే కొత్తమ్మాయికి మళ్లీ మొదటినుంచీ ట్రైనింగు.

రెండు గంటల లెక్క

ఇక సిగరెట్ నిజంగా ఒత్తిడి తగ్గిస్తుందా అన్న ప్రశ్న. తాగేవాళ్లని అడిగితే "తగ్గుతుంది, నాకు తెలుస్తోంది కదా" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకి చేరుతుంది, హాయిగా అనిపిస్తుంది. ఆ తర్వాత సుమారు రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. చిరాకు, మనసు నిలవకపోవడం మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే షిఫ్టులో తర్వాతి బ్రేక్ వస్తుంది. కస్టమర్ వల్ల వచ్చిన చిరాకేది, నికోటిన్ దిగిపోవడం వల్ల వచ్చిన చిరాకేది, ఆమెకి విడదీసి చూసే అవకాశమే ఉండదు. తగ్గేది ఎక్కువగా రెండోదే. అప్పిచ్చినవాడే వడ్డీ కట్టడానికి చేబదులు ఇచ్చి ఆదుకున్నట్టు. ఆడవాళ్ల ఒంట్లో నికోటిన్ మగవాళ్లకన్నా త్వరగా కరుగుతుంది, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లలో ఇంకా త్వరగా. అంటే వాళ్లకి ఆ వెలితి ముందే తగులుతుంది.

ఇది ఊహ కాదు. పొగ మానేసినవాళ్ల మానసిక స్థితిని గమనించిన 26 అధ్యయనాలని కలిపి చూసిన ఒక సమీక్ష 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి అన్నీ తగ్గాయి. బ్రిటన్‌లో 13 లక్షలమంది ఆడవాళ్లని గమనించిన 'మిలియన్ విమెన్ స్టడీ' 2013లో తేల్చిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: జీవితాంతం తాగినవాళ్లు కనీసం పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారు. 40 ఏళ్లలోపు మానేస్తే ఆ అదనపు చావు ముప్పులో తొంభై శాతానికి పైగా తప్పుతుంది. మన కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసు దాటనివాళ్లే.

మానాలనుకున్నవాళ్లకి సిగరెట్ పెట్టెల మీదే ఉచిత నంబరు ఉంటుంది, 1800-11-2356. అవతల ఎత్తేదీ హెడ్‌సెట్ పెట్టుకున్న ఉద్యోగే, కాబట్టి మీ బాధ మరీ కొత్తగా ఉండదు. ఒత్తిడి, దిగులు చేయి దాటుతున్నాయనిపిస్తే టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపుల్లో చీటీ లేకుండానే దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్ లాగా నమిలేస్తే పనిచేయదు, కడుపులో తిప్పుతుంది. మెల్లగా నాలుగుసార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందునుంచీ టీ, కాఫీ తాగకూడదు, నోట్లోంచి నికోటిన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా వాడకూడదు.

తాగాలనిపించే తలపు ఎంత గట్టిగా వచ్చినా కొన్ని నిమిషాలే ఉంటుంది. అన్నిటికన్నా కష్టం మొదటి రెండు మూడు రోజులు. కాబట్టి ముహూర్తం కోసం జనవరి ఒకటో, ఉగాదో చూసుకోకుండా రోస్టర్ చూసుకోండి. షిఫ్టు మారే వారం వద్దు, అప్రైజల్ వారం వద్దు. రెండు వీక్లీ ఆఫ్‌లు పక్కపక్కన పడ్డ వారంలో మొదటి ఆఫ్ రోజున మొదలుపెడితే, ఆ గడ్డు రోజుల్లో రెండు ఒక్క కాల్ కూడా లేకుండానే గడుస్తాయి.